నునుపు బావ, చెక్కపొడి

మా అక్క మొగుణ్ణి ఇంట్లో అందరం నునుపు బావ అంటాం. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని కాదు, బల్లని పలకరిస్తాడు. అంచు మీద అరచెయ్యి పెట్టి నిమిరి, "ఇంకొంచెం రుద్దాల్సింది" అని నిట్టూరుస్తాడు. ఇంటి వెనక గదిలో ఆయన చేసే కుర్చీలు, పీటలు మాత్రం నిజంగానే చెయ్యి జారిపోయేంత నున్నగా ఉంటాయి. ఆ మాట ఆయన ముందు అనకూడదు. అంటే సాయంత్రం దాకా వదలడు.

ఆ నునుపంతా గరుకు కాగితంతో రుద్దగా వచ్చేదే. రుద్దినకొద్దీ గదినిండా పిండిలాంటి పొడి లేస్తుంది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా దగ్గానా?" అని బావ ఛాతీ విరుచుకునేవాడు. దగ్గలేదు, నిజమే. పని కాగానే ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పేసి, టీ గ్లాసుతో వీధి గుమ్మంలో కూర్చునేవాడు. అప్పుడు మా అక్క చీపురు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లేది.

దగ్గు అక్కకి వచ్చింది.

"చన్నీళ్ల స్నానం మానమంటే వినదు" అని బావ తేల్చేశాడు. తర్వాత నేరం ఫ్యాను మీదికి, అక్కణ్ణుంచి పక్కింటి పిల్లి మీదికి వెళ్లింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. ఈలోగా అక్క నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. నాకు భయం వేసి ఇద్దరినీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ అంతా విని, "ఆ గది ఊడ్చేదెవరు?" అని అడిగింది.

"మా ఆవిడే" అన్నాడు బావ.

"కంటికి కనపడని పొడే ఊపిరితిత్తుల్లోకి దిగేదండీ. చీపురు వేస్తే అదంతా మళ్లీ పైకి లేస్తుంది. ఇలాగే ఉంటే ఈ ఆయాసం ముదురుతుంది."

డాక్టరమ్మ బల్ల అంచు నిమరకుండానే బావ లేచి బయటికొచ్చేశాడు. అలాంటి వింత నేనెప్పుడూ చూడలేదు. మర్నాడే, రుద్దే చోటే పొడిని లాగి గొట్టంలోంచి కిటికీ బయటి డ్రమ్ములోకి తోసే మోటారు తెచ్చాడు. అక్కడితో ఆగితే ఆయన నునుపు బావ ఎందుకవుతాడు? మోటారుకు చెక్కపెట్టె ఉండాలన్నాడు. చేశాడు, రుద్దాడు, మళ్లీ రుద్దాడు. గదిలో అంత పొడి ఎన్నడూ లేవలేదు. పాలిష్ పెడితే పెట్టెలో మన మొహం కనపడింది. తీరా అంతా అయ్యాక, పొడి పడితే మెరుగు పోతుందని పెట్టె మీద దుప్పటి కప్పేసి, మోటారు వేయకుండానే మామూలుగా పని మొదలుపెట్టాడు!

ఆ రోజు అక్క చీపురు ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి, "పెట్టెకి దుప్పటి కప్పారు, బాగుంది. మరి నాకేం కప్పుతారు?" అంది. నవ్వుతూనే అంది గానీ, వెంటనే దగ్గు తెర ముంచుకొచ్చి గోడ పట్టుకుంది.

బావ గరుకు కాగితం పక్కన పడేశాడు. వెళ్లి దుప్పటి లాగేశాడు, కిటికీ తెరిచాడు, మోటారు వేశాడు.

ఇప్పుడు గది శుభ్రం చేసేది ఆయనే. ముక్కుకు గుడ్డ విప్పకుండా తడిగుడ్డతో మూలమూలా తుడుస్తాడు. పెట్టె నిండా గీతలు. మొన్న వెళ్లినప్పుడు నేను దాని మీద చెయ్యి వేసి, "ఇంకొంచెం రుద్దాల్సింది బావా" అని ఏడిపించాను. ఆయన బదులిచ్చేలోపే అక్క డాబా మెట్లు దిగుతూ తడి తువ్వాలు మంచం మీద పారేసినందుకు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ దిగింది, తిడుతూ మళ్లీ పైకెక్కింది.

బావ మోటారు ఆపి మరీ విన్నాడు. కళ్లు తుడుచుకుంటూ నా భుజం పట్టుకుని, "విన్నావురా? ఎక్కడా ఆగలేదు!" అన్నాడు.