మిగిలిపోయిన క్లియర్

సిలార్ సాయిబుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: కలిపిన క్లియర్ పారేయలేడు.

ఎనభయ్యారులో చిలకలూరిపేటలో ఆయన కార్ల పెయింటింగ్ షెడ్డు మా ఇంటి పక్కనే. రంగు మీద మెరుపు కోసం కొట్టే ఆ క్లియర్‌లో గట్టిపడటానికి హార్డెనర్ కలపాలి. నాలుగుకి ఒకటి. కలిపాక రెండు మూడు గంటల్లో వాడెయ్యాలి, లేదంటే డబ్బాలోనే రాయైపోతుంది. కొలతకి వాళ్లావిడ జానీబీ ఉగ్గుగిన్నె వాడేవాడు. మా కాన్వెంటు సైన్సు సిస్టరు కూడా అంత ఊపిరి బిగబట్టి కొలిచేది కాదు. అయినా రోజూ మిగిలేది.

మిగిలిందంటే వీధికి మూడినట్టే. స్ప్రే గన్ పట్టుకుని బయటికొచ్చేవాడు. చర్చి బెంచీలు మెరిశాయి. ప్రసంగం మధ్యలో జనం జారిపోయేవారు. మా కోళ్లగూటి రేకు మెరిసింది. పుంజు అందులో తన్ను తాను చూసుకుని నెల్లాళ్లు పోట్లాడి చివరికి రాజీకొచ్చింది.

"సాయిబూ, ఆరేసిన గొడుగు మీద కొట్టావు. ఇక ముడుచుకోదయ్యా," అన్నాను.

"వానొచ్చినప్పుడు తెరిచే పని తప్పింది కదండీ."

రిక్షా తొక్కే బాలస్వామికి మాత్రం నవ్వే తీరిక లేదు. సోమవారం మునిసిపాలిటీ వాళ్లు రిక్షాలు చూసి లైసెన్సులిస్తారు. అతనిది నిలువెల్లా తుప్పు. లైసెన్సు రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పోనీ ఊరికే ఇస్తే పుచ్చుకుంటాడా? నేను కాఫీ ఇచ్చానని, పనిలేకపోయినా నన్ను బస్టాండు దాకా తిప్పి తెచ్చిన మనిషి.

శనివారం పొద్దున్నే సిలార్ కేకేశాడు. "ఒరేయ్ బాలస్వామీ, నీలం రంగు మిగిలిపోయిందిరా. నీ రిక్షా ఇటు తోసి నన్ను బతికించు."

"షెడ్డులో కారు తెల్లది కదా సాయిబూ?"

"బానెట్ లోపల నీలం వెయ్యమన్నాడు ఓనరు."

"ఎవరికి కనపడుద్దని?"

"గొప్పోళ్ల సరదాలు మనకెందుకురా. తే."

"నీకు కొలత ఎప్పటికొస్తుందో," అని విసుక్కుంటూ తోసుకొచ్చాడు బాలస్వామి. ఇద్దరూ కలిసి తుప్పు గీకారు. నీలం ఆరాక క్లియర్ కూడా 'మిగిలింది'. సోమవారం ఇన్‌స్పెక్టరు ఆ రిక్షాలో తన మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాకే సంతకం పెట్టాడు.

అనుమానంతో నాకు నిద్రపట్టక, తెల్లారగానే షెడ్డుకెళ్లి ఆ తెల్లకారు బానెట్ ఎత్తి చూశాను. నీలం చుక్క లేదు.

"ఉగ్గుగిన్నెతో కొలిచేవాడికి రోజూ ఎలా మిగులుతుందయ్యా?"

ఆయన నా వంక చూళ్లేదు. "చిన్నప్పట్నుంచీ లెక్కల్లో వెనకేనండి. అవునూ, మీ గేటుకి ఏమన్నా కొట్టించారా? కాస్త మిగిలింది."

ఆ గేటు ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. మా ఇంటికి రావాలంటే మాత్రం గోడ దూకాలి.