పంపు నోట్లో దూది

చిన్నప్పుడు మేనత్త పెట్టిన ముద్దుపేరు చిటపట. వేడి నూనెలో నీటిచుక్క పడ్డట్టుండేది ఆ పిల్ల కోపం. బయోమెడికల్ ఇంజనీరింగులో చేరితే, అటు డాక్టరూ కాదు, ఇటు మామూలు ఇంజనీరూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి అని చుట్టాలు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. మొదట ఓ ఆసుపత్రి నేలమాళిగలో పాడైన యంత్రాలు బాగుచేసింది. పాడవని యంత్రాలు చేస్తే పోలా అనిపించి వైద్య పరికరాల కంపెనీలో చేరింది. కొన్నేళ్లకు సిరంజి పంపుల విభాగానికి పెద్దయింది. మందును కొలత తప్పకుండా ఒంట్లోకి నెట్టే డబ్బా అది. గొట్టంలో అడ్డుపడితే గట్టిగా కూయాలి.

ఆ కూత వినపడలేదని ఒకరోజు పసిపిల్లల వార్డు నుంచి కబురొచ్చింది. గొట్టం మూసుకుపోయి ఒక బిడ్డకు మందు అందలేదట. దేవుడి దయవల్ల నర్సు కంటపడి బిడ్డ దక్కింది. చిటపట పరుగున వెళ్లి పంపు తిప్పి చూసింది. స్పీకరు రంధ్రాల్లో దూది కుక్కి, పైన ప్లాస్టరు అంటించారు. పక్క పంపుకూ అంతే. వార్డంతా అంతే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పెద్ద నర్సును నానా మాటలూ అంది. ఆవిడ అరచేతులు రుద్ది వేడిచేసుకుని, ఒక పసిదాని కాలు సర్ది, అప్పుడు తలెత్తింది.

“అడ్డున్నా కూస్తుంది, లేకున్నా కూస్తుంది తల్లీ. బిడ్డ కాలు ఆడిస్తే చాలు. ఒకటి కూస్తే వార్డంతా ఉలిక్కిపడి ఏడుస్తుంది. నువ్వైతే ఏం చేస్తావు?”

చిటపటకు తమ పరీక్ష గుర్తొచ్చింది. కంపెనీలో గొట్టాన్ని బల్లమీద కదలకుండా పరిచి పరీక్షించారు. బల్లకు కాళ్లున్నా అది ఆడించదు కదా. కోపం అప్పటికప్పుడు సొంత కంపెనీ మీదికి మళ్లింది.

మేనేజరు మాత్రం తప్పంతా నర్సులదేనన్నాడు. వాళ్లకు శిక్షణ ఇద్దామన్నాడు. అవే పంపులు ఇంకెన్నో ఆసుపత్రులకు వెళ్లడానికి లారీ ఎక్కుతున్నాయి, ఆమె సరేనంటే చాలన్నాడు.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్. ఒక్క పూట వార్డులో కూర్చోండి. ఆ తర్వాత పంపించుకోండి.”

పంతానికి వచ్చాడు. పెద్ద నర్సు ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. చిటపట దూది పీకింది. పంపు కూసింది. ఆయన లేచి గొట్టమంతా తడిమాడు. అడ్డు లేదు. మీట నొక్కి కూర్చునేలోపే మళ్లీ కూసింది. పిల్లలు గుక్కపట్టారు. మధ్యాహ్నం కాకముందే ఆయన అరచెయ్యి స్పీకరును అదిమిపట్టింది.

“చెయ్యి తియ్యండి సార్. ఆ పని చేసినందుకేగా వాళ్లకు శిక్షణ ఇద్దామన్నారు.”

తీశాడు. వరండాలోకి వెళ్లి, లారీలోంచి పెట్టెలు దించేయమని ఫోనులో చెప్పాడు. తిరిగొచ్చి, నేల చూపులు చూస్తూ, బాగుచేసి ఇస్తామని పెద్ద నర్సుకు మాటిచ్చాడు.

“సంతోషం బాబూ. మరి అప్పటిదాకా వీళ్లకేం పెట్టమంటారు?” అందావిడ.

చిటపట అందుకుంది. పోటీ కంపెనీ పంపులు మన ఖర్చుతో ఈ పూటే తెప్పించండి అంది. ఆయన ముఖం మాడిపోయింది. ఆమె కోపం మాత్రం చల్లారలేదు. అవతలి కంపెనీకి ఆయన ఫోను కలిపేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉంది.