అంచు రంగు మీ ఇష్టం

మీ తాత భయపడగా నేను చూసింది ఒక్క మాటకే, పిల్లలూ. "మీ ఇష్టం" అన్న మాటకు.

గద్వాలలో మగ్గం మీద కూర్చున్న నాటి నుంచి ఆయన ఎన్నడూ రంగు ఎంచుకోలేదు. నూలు, పట్టు, రంగు, అన్నీ సావుకారే పంపేవాడు. ఒక అంచు ఆయన, అవతలి అంచు నేను నేసేవాళ్లం. చీర బాగాలేదని ఎవరైనా అంటే "సావుకారి రంగు" అనేసి హాయిగా ఉండేవాడు.

ఆ మధ్య మా వీధి చర్చి పాస్టరమ్మ, సావుకారితో పని లేకుండా నేరుగా మా ఇంటికే వచ్చి కూతురి పెండ్లికి చీర నేయమంది. నడుమంతా తెల్ల నూలు.

"అంచు ఏం రంగమ్మా?"

"మీ ఇష్టం తాతా."

ఆమె వెళ్లిపోయింది. ఈయన పట్టు కట్టలు ముందేసుకుని కూర్చున్నాడు. ఎర్రది తీస్తాడు, పెడతాడు. పచ్చది తీస్తాడు, నిట్టూరుస్తాడు. అంచుకు పట్టు ఎక్కించందే మగ్గం కదలదు. పెండ్లేమో దగ్గరికొస్తోంది. చివరికి చర్చికే బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను.

"అయ్యగారూ, జర మీరన్న ఒక రంగు చెప్పుండ్రి. నాకు కండ్లు తిరుగుతున్నయ్."

పాస్టరు నవ్వాడు. "ఆదాముకు గూడ గట్లనే తిరిగినయ్ తాతా. పండు తినొద్దని దేవుడు చెప్పిండు గని చెయ్యి కట్టెయ్యలే. తినొచ్చు, తినకపోవచ్చు. ఎవ్వరు తొయ్యకుంట తనే ఎటో ఒక దిక్కు పోవాలె. గప్పుడు పుట్టింది భయం. పాపం దాని ఎనకనే వచ్చింది."

"తిన్నంక ఏం జేసిండు?"

"'నువ్విచ్చిన ఆడిదే తినిపిచ్చింది' అని పెండ్లాం మీదేసిండు."

మీ తాత ముఖం వెలిగిపోయింది. అంత బోధలో ఆయనకు పట్టింది అదొక్కటే.

ఇంటికి రాగానే, "ఏమే, నీకు ఏ రంగు మంచిగనిపిస్తది?" అన్నాడు. పెండ్లయిన కొత్తలో కూడా అంత తియ్యగా పిలవలేదు.

"నేను చెప్ప. రేపు ఆమె మూతి తిప్పితే నా మీదెయ్యనీకే గదా?"

"ఛీ, గదేం మాట!" అంటూనే గోడవైపు చూశాడు.

అలిగాడు. రొట్టె మీదా అలిగాడు. ఆ తర్వాత ఒక పొద్దున లేచి పట్టు ఎక్కించాడు. వంకాయ రంగు! తెల్ల చీరకు వంకాయ! నేను నోరు మూసుకుని అవతల కూర్చున్నాను.

పాస్టరమ్మ చీర మడత విప్పి, అంచును వెలుతురుకు పట్టి చూసింది.

"గీ రంగు ఎవరు ఎంచిండ్రు?"

ఆయన నావైపు చూశాడు. నోరు సగం తెరిచాడు. నేను రెప్ప కూడా కదపలేదు.

"నేనే," అన్నాడు. "జర ముదురైందమ్మా. తప్పైతే నాదే."

"తప్పేంది తాతా? బిడ్డకు మస్తుంటది."

ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చి, "గీ రంగుల మా ఆమెది గూడ జర..." అని మొదలుపెట్టాడు.

"నాదేం లేదమ్మా," అన్నాను. "మొత్తం ఆయనదే."