కొన్ని నెలల రేవు

గల్ఫ్‌లోని రువైస్‌లో జెట్టీ కోసం మేం పోసిన మొదటి కాంక్రీటు పెట్టె సముద్రంలో తేలగానే మా ఊరివాడొకడు నవ్వాడు.

"దొరా, మీ గడిని గూడ గిట్లనే గుంజుకరారాదు!"

తాతలు కోటలా కట్టిన ఇల్లు, ఆ గడి, పరాయివాళ్లదయ్యాక నేనా వీధి తొక్కలేదు. అయినా కళ్లు మూస్తే దాని పెద్ద తలుపు చప్పుడే వినిపించేది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇలాంటి పెట్టెలనే సముద్రం దాటించి, శత్రువు ఒడ్డున ముంచి, సైన్యానికి సామాను దించే రేవు కట్టామని మా ముసలి ఇంగ్లీషు ఇంజనీరు చెప్పాడు.

"కొన్ని నెలల కోసమే కట్టాం. ముక్కలు ఇంకా ఉన్నాయి. సెలవు దొరికితే వెళ్లి చూస్తాను."

"చూసి ఏం చేస్తారు సార్?"

"ఏమీ చేయను. ఒడ్డున కాసేపు కూర్చుంటాను."

మర్నాడే నేను ముదీర్‌ని, అంటే మా మేనేజర్ని, ఊరెళ్లడానికి సెలవు అడిగాను.