కొళాయి కాడ షెరిన్ వంతు

షెరిన్‌కు చిన్నప్పటి నుంచీ కాలు నిలవదు. కూర్చోబెట్టి అన్నం పెడితే లేచి గడపలో నిలబడి తినేది. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే బెంచీ కింద చెప్పులు విడుస్తూ, తొడుగుతూ ఉండేది. పదహారేళ్ళు నిండేసరికి ఆ తిమ్మిరి కాళ్ళలోంచి బుర్రలోకి ఎక్కింది. ఎక్కి, ఒకే ఒక్క ప్రశ్నగా మారి కూర్చుంది. నేను ఎవరి పిల్లను?

నవ్వకండి. అమ్మానాన్నలెవరో తెలియక అడిగే ప్రశ్న కాదది. నాయన సెబాస్టియన్ తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసి, దీపాలు పెట్టే వేళకు కేజీఎఫ్‌లో దిగుతాడు. అమ్మ చిన్నప్పుడే పోయింది. పెంచిందంతా అవ్వ, అంటే నాయనమ్మ ఆగ్నెస్. తాత క్లెమెంట్ బంగారు గని కార్మికుడు. గని మూసిన తర్వాత ఏం చెయ్యాలో తోచక కొన్నాళ్ళు వాకిట్లో కూర్చుని, ఆ కూర్చోవడంలోనే పోయాడు. షెరిన్ పుట్టేసరికే గని సైరన్ ఆగిపోయింది. ఇవన్నీ ఆమెకు తెలుసు.

తెలియనిది వేరే. గనివాళ్ళ కోసం వరసగా కట్టిన లైను ఇళ్ళలో తమిళం మాట్లాడే పిల్లలు ఆమెను "తెలుంగు" అని పిలుస్తారు. కోలారు కాలేజీలో కన్నడ పిల్లలు కేజీఎఫ్ అన్న మాట వినగానే "తమిళా?" అని అడుగుతారు. పోనీ తెలుగువాళ్ళ దగ్గరికే పోదామంటే, చిత్తూరు వైపు బంధువుల పెళ్ళిలో ఆమె నోరు తెరవగానే పెద్దమ్మ కూతుళ్ళు చున్నీలు నోట్లో కుక్కుకున్నారు. అక్కడ పరువు దక్కించుకుందామని, అవ్వ ప్రార్థన పుస్తకంలో నేర్చుకున్న మంచి తెలుగు బయటికి తీసి, "నేను దప్పిగొనియున్నాను" అంది పాపం. నీళ్ళు తెచ్చిచ్చినవాడు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఈనాటికీ పోలేదు.

ఈ బాధ చెప్పుకోవడానికి ఆమెకు ఇద్దరు దొరికారు. ఒకడు పక్క లైను లియో. ఇంట్లో తమిళం, గిటార్ మీద ఇంగ్లీషు. రెండో మనిషి క్యాసంబళ్ళి నుంచి బస్సులో వచ్చే చైత్ర, కాలేజీలో తోటిది. వాళ్ళది పట్టుపురుగులు పెంచే రైతు ఇల్లు. ఇంట్లో తెలుగు, కాగితం మీద కన్నడం. శనివారం మధ్యాహ్నం ముగ్గురూ చర్చి వెనక మెట్ల మీద చేరతారు. ఎవరో ఒకరు పుస్తకం తేవాలి, లేదా పాట తేవాలి. ఆ తర్వాత దాన్ని పట్టుకుని కొట్లాడుకోవాలి. ఎదురుగా సయనైడ్ దిబ్బలు, బంగారం తీసేశాక గని పారబోసిన మట్టి గుట్టలు. గాలి లేస్తే ఆ దుమ్ము పుస్తకం పేజీల్లోకి, గిటార్ బొక్కలోకి దూరుతుంది. ఎవరూ పట్టించుకోరు.

ఒక శనివారం చైత్ర లావుపాటి కన్నడ నవల మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"దీంట్లో మా నాయన మాదిరి మనిషి ఉండాడు. మా ఆవులు ఉండాయి. అయితే మా ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటి గూడా లేదు."

"నా పాట్లు చూడు," అన్నాడు లియో. "యాడో చలి దేశంలో మంచు గురించి పాడతా ఉండా. నేను మంచు చూసింది ఫ్రిజ్‌లోనే."

షెరిన్ అప్పటికే లేచి మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉంది. "నేను చదివిన తెలుగు కథల్లో అన్నీ నదులే, కాలవలే. మన ఊరు ఏ పుస్తకంలో ఉండాది? చెప్పండి."

"గని పుస్తకాల్లో ఉండాది కదా. ఎంత లోతు తవ్వినారు, ఎంత బంగారం ఎత్తినారు అని," అంది చైత్ర.

"మనుషులు?"

"మనుషులు లేరు," అన్నాడు లియో. అని ఒక తీగ మీటాడు.

ఆ మాటల మధ్యే లియో ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. చిత్తూరులో కుర్రకారు కోసం తెలుగు పాటల పండుగ. సినిమా పాట కూడదు, పుస్తకంలో అచ్చైన పాట కూడదు. మీ ఇంట్లో పెద్దల నోటి నుంచి వచ్చిన పాట పాడాలి. షెరిన్ అది చదివి మెట్టు మీద కూలబడింది. కాలు కదపకుండా కూర్చుంది, అదొక వింత.

ఆమెకు బహుమతి మీద మోజు లేదు. మైకులో ఒక పెద్దమనిషి నలుగురూ వినేటట్టు "ఈ పిల్ల మన పిల్ల" అనాలి. అంతే. ఆ మాట ఒక్కసారి చెవిన పడితే లైను పిల్లలకూ కాలేజీవాళ్ళకూ పెద్దమ్మ కూతుళ్ళకూ కలిపి ఒకే జవాబు చెప్పేయవచ్చని ఆమె లెక్క. పాటకేం కరువు? అవ్వ తనకు తలంటి పోస్తూ పాడిన పాట ఉండనే ఉంది. సబ్బు నురగ కళ్ళలో పడి ఏడుస్తూ నేర్చుకున్న పాట, మరిచిపోదామన్నా పోదు.

కడవ పెట్టి కూచున్నాను, కాకి గూడా కూయలేదు
తణ్ణి వరలే అక్కా, తణ్ణి వరలే
నల్లి బాయి ఒణగి హోయ్తు
షిఫ్టు దిగి వచ్చే మామకు కాళ్ళకు నీళ్ళు యాడివి

ఇక్కడ మీకు నవ్వు రావచ్చు. ఆ ముగ్గురికీ రాలేదు. లియో స్వరాలు కట్టాడు. చైత్ర చప్పట్లతో తాళం వేసింది. మూడు శనివారాలు పాడుకున్నారు. ఇది తెలుగేనా అన్న అనుమానం ఒక్కరికీ పుట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచి నాలుగు భాషలూ ఒకే గిన్నెలో తిన్న పిల్లలు. ఏ ముద్ద ఏ ఇంటిదో వాళ్ళకెలా తెలుస్తుంది?

పండుగ రోజు ముళబాగిలులో చిత్తూరు బస్సు ఎక్కారు. రాష్ట్రం సరిహద్దు నంగలి దాటాక దుకాణాల మీద కన్నడ అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు వచ్చాయి. షెరిన్ కిటికీ బయటికి తల పెట్టి ఎరువుల కొట్టు, పంక్చర్ షాపు, బిర్యానీ సెంటర్, ఏదీ వదలకుండా పైకి చదివింది. తన ఇంటి గోడ మీద తన పేరు చదువుకుంటున్నంత సంబరం. చైత్రే సిగ్గుపడి, "మెల్లిగా మే, అందురూ చూస్తా ఉండారు," అని మోచేత్తో పొడిచింది.

హాలు నిండా జనం. షెరిన్ పేరు పిలిచారు. లియో వెనక స్టూలు మీద కూర్చుని గిటార్ అందుకున్నాడు. మొదటి ముక్కకు ముందు వరసలో ఒక ముసలామె తలాడించింది. రెండో ముక్క దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మూడో ముక్కకు ఆ నవ్వు వరస వరసా వెనక్కి పాకింది. షెరిన్ ఆపలేదు, కళ్ళు మూసుకుని చివరిదాకా పాడింది. న్యాయనిర్ణేతల్లో కండువా వేసుకున్న పెద్దాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"గొంతు చాలా బాగుందమ్మా. కానీ ఒక పాదం తెలుగు, ఒకటి తమిళం, ఒకటి కన్నడం, మధ్యలో షిఫ్టు. ఇది ఏ భాష పాట అనుకోమంటావు?"

"తెలుగే సార్. మా అవ్వది."

"మీ అవ్వది అయితే కావచ్చు. తెలుగుది మాత్రం కాదు తల్లీ."

ఆయన కఠినంగా అనలేదు, జాలిగానే అన్నాడు. జాలి మరీ మండించింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నిలబడి షెరిన్ తన పాటను తానే మొదటిసారి విన్నది. నిజమే, ముక్కకు ముక్కకు మధ్య అతుకు కనబడుతోంది. పుట్టినప్పటి నుంచి కప్పుకున్న దుప్పటి నాలుగు గుడ్డల బొంత అని ఎవరో దీపం పెట్టి చూపించినట్టుంది. ఎంత సిగ్గు వేసిందో, అంత కోపం వచ్చింది.

తిరుగు బస్సులో లియో నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"నీళ్ళను తణ్ణి అనేది తమిళం అని నాకు తెలుసు షెరిన్. అయితే మీ తెలుగులో గూడా అట్లే అంటారేమో అనుకున్నా."

"నేనూ అట్లే," అంది చైత్ర. "కొళాయిని నల్లి అనేది కన్నడం అని తెలుసు. మీ కేజీఎఫ్ తెలుగు అట్ల ఉంటాదేమో అనుకుంటి."

షెరిన్ నవ్వలేదు. నంగలి దగ్గర అక్షరాలు మళ్ళీ మారుతుంటే కిటికీ మూసేసింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ వాకిట్లో చేట ముందు పెట్టుకుని అనపకాయల్లోంచి గింజలు ఒలుస్తోంది. షెరిన్ చెప్పులు గోడకేసి కొట్టింది.

"నువ్వే నన్ను మోసం చేసినావు. ఆ పాట తెలుగుది కాదంట. అందరూ నవ్వినారు."

"తెలుగుది అని నేనెప్పుడు చెప్పినా?" అంది ఆగ్నెస్ చేట మీంచి తల ఎత్తకుండా.

"మరి ఎవురిది?"

"కొళాయిది."

షెరిన్‌కు ఒళ్ళు మండింది. ఆగ్నెస్ ఒక కాయ తీసి మనవరాలి చేతిలో పెట్టి, కూర్చోమని కంటితో చెప్పింది. ఆ చూపుకు లైనంతా భయపడుతుంది. షెరిన్ కూర్చుంది.

"మా కాలంలో లైనుకంతా ఒకటే కొళాయి. సైరన్ కూసేలోపల నీళ్ళు పట్టుకోవాల. నా కడవ ముందా, నీ కడవ ముందా అని జుట్లు పట్టుకుంటా ఉంటిమి. ఒకరి మాట ఒకరికి తెలిసేది లేదు. ఇంగ ఒకనాడు మన లైను నారాయణమ్మ ఒక ఏర్పాటు చేసింది. ఎవురి కడవ కొళాయి కింద ఉంటే వాళ్ళు పాడాల. పాడేదాని కడవను ఎవురూ జరపకూడదు. కడవ నిండితే పాట ఆపాల, పక్కన పెట్టాల, ఎనకామె అందుకోవాల. ఎవురి మాటలో వాళ్ళు. కొట్లాట ఆడితో సరి."

"అయితే ఆ పాట..."

"మొదటి ముక్క నారాయణమ్మది. తణ్ణి వరలే, అదే నీళ్ళు రాలేదు అనేది లియో వాళ్ళ అవ్వది. నల్లి బాయి, అదే కొళాయి నోరెండిపోయె అనేది కన్నడం మాట్లాడే నంజుండప్ప పెళ్ళానిది. నాది కడాపటిది. ఒక్క ముక్కే నాది."

షెరిన్ చేతిలో కాయ అట్లాగే ఉంది. షిఫ్టు దిగి వచ్చే మామకు కాళ్ళకు నీళ్ళు యాడివి. మామ అంటే తాత. ఆ ముక్క ఇన్నేళ్ళూ పాడింది గానీ, అందులో తాత ఉన్నాడని ఆమెకు తోచనే లేదు.

"మరి కొళాయి కాడ ఇప్పుడెవురూ పాడరే?"

"గని మూసినంక నాకు గొంతు రాలేదు మే. షిఫ్టే లేదు, ఇంగ దిగి వచ్చేదెవురు? నాది ఆగిపోతే ఎనకామెకు అందుకునేదానికి ఏముండాది? అట్ల అందరిదీ ఆగిపోయింది. నీకు నీళ్ళు పోసేటప్పుడు మాత్రం వచ్చేది." ఆగ్నెస్ ముక్కు కొంగుతో తుడుచుకుని, అనపకాయల మీద కోపం చూపించింది. "ముదిరిపోయినాయి ఈ కాయలు, పనికిరావు."

షెరిన్‌కు అవ్వను పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడవలేదు. లేచి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. మూడు రోజులు అట్లాగే తిరిగింది.

నాలుగో నాడు సాయంత్రం కొళాయికి నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే ఎరుక. అందుకే రాగానే లైనంతా ప్లాస్టిక్ బిందెలతో పరుగెత్తింది. వరసలో అందరి తలలూ ఫోన్లలోకి వంగి ఉన్నాయి. షెరిన్ వంతు వచ్చింది. బిందె కొళాయి కింద పెట్టింది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడింది. నాయన దిగి ఉంటాడు, దుమ్ము కొట్టుకుని నడిచొస్తుంటాడు.

ఆమె నోరు తెరిచింది. మొదటి ముక్క, రెండోది, మూడోది, అవ్వది, నాలుగూ వరసగా పాడింది. ఫోన్ల మీంచి తలలు లేచాయి. అవ్వ ముక్క దాటాక గొంతు ఒక్క క్షణం తడబడింది. తర్వాత దానంతటదే వచ్చేసింది.

రైలు దిగి వచ్చే నాయనకు మొకానికి నీళ్ళు యాడివి

బాగా కుదిరిందని ఆమెకే తెలిసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ పాడింది, ఇంకోసారి పాడింది. బిందె నిండింది. నిండి, పొర్లి, ఆమె పాదాల మీదుగా కాలవ కట్టి పోతోంది.

"ఏయ్, తణ్ణి వేస్టా పోవుదు!"

"కొడ తెగియే, నీరెల్లా హోగ్తా ఇదె!"

"నీళ్ళు పోతా ఉండాయి, కండ్లు కనపడలేదా?"

"స్టాప్ ఇట్ యా!"

వాకిట్లోంచి ఆగ్నెస్ గొంతు అన్నింటినీ మించి లేచింది. "నిండినంక ఆపాల అని చెప్పినా కదే, మొద్దుదానా!"

వరస చివర్లో, ఆ మధ్యే లైనులోకి కాపురం వచ్చిన ఒకామె చిరాకుగా ముందుకు తొంగి చూసింది. "ఎవురి పిల్లమ్మా అది? పాట పాడతా నీళ్ళన్నీ పారబోస్తా ఉండాది?"

షెరిన్ కళ్ళు తెరిచింది. వెనకనే కర్ర ఆనించుకుని నిలబడ్డ ముసలి నారాయణమ్మ ఆ కొత్తామె వైపు తిరిగింది.

"ఇంగెవురి పిల్ల? మన పిల్లే. బుద్ధి లేదు, అంతే."

అని, నిండిన బిందెను కర్రతో సైగ చేసి షెరిన్ చేత పక్కకు జరిపించి, తన బిందె కొళాయి కింద పెట్టి, ఒకసారి గొంతు సవరించుకుంది.