సంపత్కుమార్ సారు ఫోను
పాకాలలో పిల్లలకు నాటకం నేర్పే సంపత్కుమార్ సారు చేతిలో ఎప్పుడూ ఫోను ఉంటుంది. "ఇంట్లోవాళ్లను బాగా సూసి రాండి, అదే నటన" అంటారు. పిల్లలు చేసి చూపిస్తే నేలమీద మోకాలానించి వీడియో తీస్తారు, ఇన్‌స్టాలో పెడతారు, కళ్లజోడు నుదుటికెత్తి లైకులు చూసుకుంటారు. ఒకరోజు తొమ్మిదో తరగతి హంసిని, అటెండరైన వాళ్ల నాయనను చేసి చూపించింది. ఆఫీసరు ఫోను చేస్తే చాలు, ఇంట్లో ఉన్నా లేచి నిలబడి, నడుం వంచి "అట్నే సార్" అంటాడాయన. సారు పడిపడి నవ్వి, అదీ పెట్టేశారు.

వారానికి హంసిని వచ్చి, "ఆఫీసులో అందురూ సూసినారంట సార్. ఇప్పుడు ఫోనొస్తే నాయన బయటికి పోయి మాట్లాడతా ఉండాడు" అంది.

"తీసేస్తాలేమ్మా."

"వాళ్ల ఫోన్లలో ఉండాది కద సార్."

హంసిని ఇప్పటికీ వస్తుంది. నాటకంలో తన మాటలన్నీ తప్పు లేకుండా చెబుతుంది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుంటుంది. కదిలించమని చెప్పడానికి సారుకు నోరు రాదు.