తెల్లదారం కట్టిన మొక్క

వీధి మలుపులో బట్టలు కుట్టే ఆవిడను అందరూ కత్తెరక్క అనేవారు. ఆమె కత్తెర ఎంత పదునో నోరూ అంతే. ఆ నోరు మెత్తబడేది ఇంటి పెరట్లో డే లిల్లీల దగ్గర మాత్రమే. పొద్దున విచ్చి సాయంత్రానికి వాడిపోయే ఆ పూలతో కొత్త రకాలు పుట్టించాలని ఆమె తపన. ఒక పువ్వు పుప్పొడి తీసి మరో పువ్వుకు అద్దేది. తేనెటీగలు వచ్చి చెడగొట్టకుండా గుడ్డముక్కతో కుట్టిన చిన్న టోపీ తొడిగేది. ఏ తల్లికి ఏ తండ్రో మరిచిపోకుండా రంగుదారం కట్టేది. కాయ ఎండి నల్లటి గింజలు రాలితే నాటడం, అవి మొలిచి పూసేదాకా ఏళ్లతరబడి కాచుకోవడం. తీరా పూస్తే చాలావరకు పాత పసుపే.

"నా పువ్వు పాలలో ద్రాక్షరసం చుక్క పడ్డట్టుండాలి," అనేది.

"అంటే విరిగిన పాలన్నమాట," అనేవాడు తమ్ముడు.

తమ్ముడు సరుకుల వ్యాను నడుపుతాడు. అక్క కింది వాటాలో, తమ్ముడూ మరదలూ పైన. పెరడు ఇద్దరిదీ. వీధిలో నిలిపిన వ్యాను అద్దం ఎవరో రెండోసారి పగలగొట్టాక, పెరట్లో సిమెంటు గచ్చు వేయించి వ్యాను లోపలే పెట్టుకుంటానన్నాడు. న్యాయమైన మాటే. ఆమె కాదనలేదు. వారం గడువు మాత్రం అడిగింది. ఎందుకంటే తెల్లదారం కట్టిన మొక్క తొలిసారి పూలకాడ వేసింది. దాని మొగ్గ వెన్నరంగులో ఉబ్బుతోంది.

"అది విచ్చాక అన్నీ నేనే తవ్వి తొట్లలో పెట్టుకుంటాను. అందాకా పార పడకూడదు."

"సరేలే అక్కా," అన్నాడు తమ్ముడు, ఫోను చూస్తూ.

రెండు రోజులు తిరక్కుండానే, ఆమె కొట్లో ఒకావిడ గౌను అంచుకు గుండుసూదులు గుచ్చుతుంటే ఫోను మోగింది. మరదలు.

"వదినా, తొందరగా రా! మేస్త్రీ వచ్చేశాడు. నేను బజారు నుంచి వచ్చేసరికే తవ్వేస్తున్నారు. ఆపమంటే వినట్లేదు!"

నోట్లో సూదులుండగా ఆమె "ఊ" అని కూడా అనలేకపోయింది. వాటిని బల్లమీద ఉమ్మేసి, మెడలో టేపుతోనే పరుగెత్తింది.

పెరడు సగం బోసిపోయింది. పీకిన మొక్కలన్నీ గోడవార కుప్పగా పడి ఉన్నాయి. దారాలు ఊడి మట్టిలో కలిశాయి.

"ఆపండి!"

ఆ కేకకు పార గాల్లోనే నిలిచిపోయింది.

"మా తప్పేం లేదమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఖాళీ దొరికితే వచ్చాం. గడ్డే కదా అనుకున్నాం."

ఆమె మోకాళ్లమీద కూలబడి కుప్ప కెలికింది. తెల్లదారం చేతికి తగిలింది. లాగితే పూలకాడ ఒక్కటే వచ్చింది. మొగ్గ పదిలంగా ఉంది, మొక్క లేదు. కాడను నీళ్లలో పెడితే పువ్వు విచ్చుకోవచ్చు, ఒక్క పగటికి. ఆ తరువాత? పువ్వు లేనిదే ఆ మొక్కలన్నీ కవలలే. ఆకు చూసి పోల్చడం ఎవరి తరమూ కాదు.

అప్పుడే తమ్ముడు వ్యాను దిగాడు. పెరడు చూసి మొహం పాలిపోయింది.

"అక్కా, ఖాళీ దొరికినప్పుడు రమ్మన్నాను. ఇంత తొందరగా వస్తాడనుకోలేదు..."

"మాట్లాడకు."

"నిజంగా..."

"మాట్లాడకన్నానా!"

ఎండ ఎక్కుతోంది. వేళ్లు వడలితే ఇక అంతే. మరదలు గ్లాసుతో నీళ్లు తెచ్చి కాడను అందులో పెట్టబోయింది.

"ఆగు," అంది కత్తెరక్క. కాడ విరిగిన చోటును వేలితో తడిమి చూసింది. "గోనెలు తడిపి మొక్కలమీద కప్పు. కాడ విరిగినవి మాత్రం నాకివ్వు."

చినిగిన గుడ్డను అంచుకు అంచు కలిపినట్టు, ఒక్కో మొక్కకు మిగిలిన మొండిని కాడ కొసతో జతచేసి చూడసాగింది. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి కుదిరినట్టే కుదిరి చివర్లో తప్పింది. తమ్ముడు ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే అందిస్తున్నాడు. కుప్ప అడుగంటుతోంది.

"ఇది చూడక్కా."

వేళ్లు సగం తెగిన మొక్క. మొండిమీద వేలాడే పీచు, కాడ కొసనున్న చీలికలో సరిగ్గా ఇమిడింది. ఆమె మరోసారి తీసి, మరోసారి పెట్టి చూసింది. తరువాత తెల్లదారం విప్పి ఆ మొక్కకు కట్టింది.

మర్నాడు వంటింటి కిటికీలో, గ్లాసులో పువ్వు విచ్చింది. మీగడ తెలుపు. గొంతులో పసుపు ఛాయ ఇంకా పోలేదు. ద్రాక్షరంగు వలయం ఒక పక్క చెరిగినట్టుంది. కోరుకున్నది కాదు గాని, ఇంత దగ్గరగా ఎన్నడూ రాలేదు. పుప్పొడి తీసుకుని మేడెక్కి, మరదలు తొట్టిలో పెంచుకుంటున్న డే లిల్లీ పువ్వుకు అద్దింది. టోపీ మరదలే తొడిగింది.

గచ్చు పడింది. వ్యాను లోపలికొచ్చింది, మొక్కలు పాత బకెట్లలో మేడెక్కాయి. బకెట్లన్నీ తమ్ముడే మోశాడు. అయినా చాలాకాలం అక్కాతమ్ముళ్లు మొక్కల నీళ్ల సంగతి తప్ప మరో మాట ఆడుకోలేదు. తెల్లదారం మొక్క ఆకులన్నీ ఎండబెట్టుకుని అందరినీ హడలగొట్టి, మరుసటి వేసవికి మళ్లీ కాడ వేసింది. ముందు చూసింది తమ్ముడే.

"అక్కా, పైకి రా! మొగ్గ!" అని మెట్లమీంచే కేకేశాడు.

"అరవకురా, వస్తున్నా," అంటూ ఆమె రెండేసి మెట్లు ఎక్కింది.